రెండొందల డాలర్ల ఇనప పెనం మీద అట్టు బాగా వస్తుందా?

డాలస్_అట్లోడు · శనివారం, ఉదయం 7:50

మా ఇంట్లో మూడో నాన్‌స్టిక్ పెనం కూడా పోయింది. పూత పొరలు లేచి, పెసరట్టుకి నల్ల చుక్కలు అంటుకుంటుంటే పిల్లలకి పెట్టబుద్ధి కాలేదు. ఇక ఈ గోల వద్దు, పోత ఇనుముది ఒకటి కొనేసి జీవితాంతం వాడుకుందాం అనుకున్నాను.

వెతకడం మొదలుపెట్టాక అసలు టెన్షన్ మొదలైంది. లాడ్జ్ అనే కంపెనీ వాళ్ల 10.25 అంగుళాల స్కిల్లెట్, అంటే పిడి ఉన్న ఇనప పెనం, పాతిక డాలర్లకి అటూ ఇటూగా ఉంది. దాదాపు అదే సైజులో ఫీల్డ్, స్మిథీ లాంటివి 150 నుంచి 200 పైదాకా చెబుతున్నారు. ఫొటోల్లో నల్లరాతి విగ్రహంలా నున్నగా మెరిసిపోతున్నాయి, కాదనను. కానీ అదీ ఇనుమే, ఇదీ ఇనుమే. మా ఆవిడ ఒకటే మాట అంది: "మా అమ్మ పెనం సంతలో కొన్నది. దానికి పేరు కూడా లేదు. దాని మీద అట్టు ఎప్పుడైనా విరిగిందా?"

మేం దాదాపు రోజూ అట్లు పోసుకుంటాం, వారానికి రెండుసార్లు చపాతీలు, ఎప్పుడైనా చేప వేపుడు. మాది గాజు పలక ఎలక్ట్రిక్ పొయ్యి, గ్యాస్ కాదు. వాడినవాళ్లు చెప్పండి, అంత డబ్బు పెడితే ఆ తేడా అట్టులో తెలుస్తుందా?

గోదారి_గట్టు · శనివారం, ఉదయం 8:15

మీ ఆవిడగారి మాటే నా మాట. మా ఇంట్లో ఉన్నది నాయనమ్మ కోటిపల్లి తీర్థంలో శివరాత్రికి కొన్న పెనం. అంచు ఒకచోట పెచ్చు ఊడింది, అయినా పనికి లోటు లేదు. మా అమ్మ దానికి సబ్బు తగలనివ్వదు. అట్లు అయిపోగానే వేడి మీదే గుడ్డతో తుడిచి, చుక్క నూనె రాసి గోడకి తగిలించడమే.

ఒకసారి కొత్తగా వచ్చిన పనమ్మాయి స్టీలు పీచుతో అరగంట తోమి తెల్లగా చేసి, "ఎంత మసి పట్టిందో చూడండమ్మా" అని గర్వంగా తెచ్చి చూపించింది. మా అమ్మకి నోట మాట రాలేదు. ఆ వారమంతా మాకు టిఫిన్ ఉప్మానే.

అర్ధరాత్రి_ఆకలి · శనివారం, ఉదయం 8:22

రెండొందల డాలర్లంటే నేను ఇక్కడ విజయవాడలో ఆర్నెల్ల పాటు రోజూ పెసరట్టు ఉప్మా హోటల్లో తినొచ్చు. పైగా పెనం తోమక్కర్లేదు.

ఫౌండ్రీ_మనిషి · శనివారం, ఉదయం 10:05

నేను కోయంబత్తూరులో పద్నాలుగేళ్లుగా పోత పనిలోనే ఉన్నాను. మేం పోసేది పంపుల బాడీలు, పెనాలు కాదు. అయినా పని ఒకటే కాబట్టి డబ్బు ఎక్కడికి పోతుందో చెప్పగలను.

ఇసుకలో కాస్త బెంటొనైట్ మట్టి, నీళ్లు కలిపి గట్టిగా దిమ్మిస కొట్టి అచ్చు కడతారు. అందులో కరిగిన ఇనుము పోసి, చల్లారాక అచ్చు పగలగొడతారు. కొత్త పెనం మీద వేలు పెట్టి రాస్తే చిన్న చిన్న గింజల్లా తగిలే గరుకు ఉంటుంది చూడండి, అది ఆ ఇసుక ముద్రే. లాడ్జ్ వాళ్లు ఆ గరుకును అలాగే ఉంచి, మీద సోయా నూనె కొట్టి కాల్చి అమ్ముతారు. ఖరీదైన కంపెనీలు దాన్ని మెషీన్ మీద చెక్కి, సానపట్టి నున్నగా చేస్తాయి. ఈ సానపట్టే పనికి మనిషి చెయ్యి, సమయం రెండూ కావాలి. అది అమెరికా కూలి రేటు మీద జరిగితే ఎంతవుతుందో మీరే ఊహించుకోండి.

రెండోది బరువు. పోత ఇనుము ఘన సెంటీమీటరుకి సుమారు 7.2 గ్రాములు. 26 సెంటీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న చదును బిళ్ల తీసుకుంటే 1.9 కిలోలు తూగుతుంది. పిడి, అంచు దీనికి అదనం. మందం ఒక్క మిల్లీమీటరు తగ్గిస్తే 1.5 కిలోలకి దిగుతుంది. వినడానికి తేలికే, పోయడం తేలిక కాదు. పలచటి అచ్చులో ఇనుము అంచుదాకా పాకేలోపే గడ్డకడుతుంది. అలా సగంలో ఆగిన ముక్క మళ్లీ కొలిమిలోకే. ఆ నష్టం కూడా మీ బిల్లులో కలుస్తుంది.

ఇనుములో మాత్రం తేడా వెతక్కండి. అందరూ పోసేది గ్రే ఐరనే, అంటే మామూలు పోత ఇనుమే. "మాది ప్రత్యేక ఇనుము" అని ఎవరైనా రాస్తే ఆ వాక్యం దాటేసి ముందుకి వెళ్లండి.

డాలస్_అట్లోడు · శనివారం, ఉదయం 10:31

ఫౌండ్రీ గారూ, ఇంత విడమరచి చెప్పినందుకు థ్యాంక్స్. మరి నున్నగా ఉన్నదాని మీద అట్టు అంటుకోదు, గరుకుదాని మీద అంటుకుంటుంది, అంతేగా? అలాగైతే ఆ సానకి డబ్బు పెట్టినా తప్పులేదు కదా?

ఖమ్మం_కోడలు · శనివారం, మధ్యాహ్నం 1:40

అంతేగా అని తేల్చేయకండి. అట్టు లేచేది ఇనుము నునుపు వల్ల కాదు, దాని మీద నూనె కాలి కాలి గట్టిపడిన పొర వల్ల. పెనాన్ని నూనె పొగ వచ్చేదాకా కాలిస్తే ఆ నూనె జిడ్డుగా ఉండదు, వార్నిష్‌లా బిగుసుకుంటుంది. సీజనింగ్ అని ఇంగ్లీషులో అనేది, మా అత్తయ్య "పెనం పదును" అనేది రెండూ అదే.

నా అనుభవం చెబుతాను. నా దగ్గర రెండున్నాయి. ఒకటి ఖమ్మంలో తూకానికి కొన్న గరుకుది, ఇంకొకటి మా తమ్ముడు అమెరికా నుంచి మోసుకొచ్చిన నునుపుది. నునుపుదాని మీద మొదటి రెండు నెలలు నరకం చూశాను. పొర నిలవదు. బాగా నున్నగా ఉంటే నూనె పొరకి పట్టు దొరకదేమో, పొలుసుల్లా లేచిపోయేది. గరుకుది మాత్రం వారంలో దారికొచ్చింది. ఇప్పుడు ఏడాదిన్నర అయ్యాక రెండూ ఒక్కలాగే పనిచేస్తున్నాయి. కళ్లకి గంతలు కట్టి రెండు అట్లు పెడితే ఏది దేని మీద పోసిందో నేనే చెప్పలేను.

ఎవరైనా కొత్తది కొంటే చేయాల్సింది ఇదీ. సంతలో కొన్నదైతే ముందు సబ్బుతో, పీచుతో గట్టిగా తోమండి, మీద ఉన్న మెషీన్ నూనె, నల్లరంగు పోవాలి. తర్వాత గంజిలో గానీ బియ్యం కడిగిన నీళ్లలో గానీ నానబెట్టి, రోజూ ఆ నీళ్లు మారుస్తూ మూడు నాలుగు రోజులు ఉంచండి. తీసి, కడిగి, వెంటనే పొయ్యి మీద ఆరబెట్టి నూనె రాయండి. ఇక ఉల్లిపాయ సగానికి కోసి, నూనెలో ముంచి, సన్నటి మంట మీద పది నిమిషాలు రుద్దుతూ ఉండండి. మా అత్తయ్య ఆముదమే వాడుతుంది. ఓవెన్ ఉన్నవాళ్లకి ఇంకా సులువు: నూనె రాసి, రాయనట్టే కనిపించేదాకా తుడిచేసి, బోర్లించి 230 డిగ్రీల సెల్సియస్‌లో ఒక గంట. అందరూ చేసే తప్పు నూనె ఎక్కువ రాయడం. ఎక్కువైతే పెనం బంకలా జిగటగా తయారవుతుంది.

సబ్బు భయం మాత్రం వదిలేయండి. ఒకప్పటి సబ్బుల్లో క్షారం ఘాటు ఎక్కువ, ఇప్పటి లిక్విడ్ రెండు చుక్కలు వేస్తే పొర ఏమీ పోదు. పోయేది రాత్రంతా నీళ్లలో నానబెడితే.

గోదారి_గట్టు · శనివారం, మధ్యాహ్నం 2:05

సబ్బు సంగతి మా అమ్మకి మీరే ఫోన్ చేసి చెప్పండి ఖమ్మం గారూ, నాకంత ధైర్యం లేదు.

నిజం_చెప్తా · శనివారం, సాయంత్రం 6:20

రెండొందలు పెట్టి కొన్న మనిషిని నేను. నాలుగేళ్లయింది. ఏ కంపెనీయో చెప్పను, ఎందుకంటే తప్పు వాళ్లది కాదు, నాదే.

వస్తువు బాగుంది. బరువు తక్కువ, పిడి చేతిలో ఇమిడిపోతుంది, గుడ్డు వేయించితే పళ్లెంలోకి దానంతట అదే జారుతుంది. చేపముక్కలు, బంగాళాదుంప వేపుడు, చికెన్ ఎర్రగా వేయించడం... వీటికి తిరుగులేదు. కానీ నేను దాన్ని కొన్నది అట్ల కోసం. అక్కడ బోల్తా పడ్డాను.

అందరూ గరుకా నునుపా అని కొట్టుకుంటున్నారు గానీ ఆకారం సంగతి ఎవరూ ఎత్తలేదు. స్కిల్లెట్‌కి చుట్టూ రెండంగుళాల గోడ ఉంటుంది. అట్టు పోయాలంటే గరిటె అడుగుని పడుకోబెట్టి మధ్య నుంచి అంచుకి తిప్పుకుంటూ రావాలి కదా, ఆ గోడ దగ్గరికి రాగానే గరిటె కాడ అడ్డుపడి మణికట్టు పైకి లేస్తుంది. అట్టు అంచు ఊతప్పంలా మందంగా మిగిలిపోతుంది. సరే అనుకుని తిప్పబోతే అట్లకాడ అడ్డంగా దూరదు, నిలువుగా పొడవాలి. అట్టు నడుం విరుగుతుంది. పైగా 10.25 అంగుళాలు అని రాసింది పైన అంచు కొలత. అడుగు చదును అంతకంటే బాగా తక్కువ.

నా భార్య నాలుగు రోజులు చూసి, "ఇది అట్ల పెనం కాదు, మూకుడుకి పెళ్లయితే పుట్టిన పిల్ల" అంది.

తర్వాత లాడ్జ్ వాళ్లదే 10.5 అంగుళాల గుండ్రటి గ్రిడిల్ తెచ్చాను. అంచు అర అంగుళమో అంతకంటే తక్కువో ఉంటుంది. మన పెనం ఆకారమే. ఆ రోజు నుంచి అట్లు దాని మీదే. డాలస్ గారూ, మీరు తప్పు వస్తువుకి ధర అడుగుతున్నారు.

డాలస్_అట్లోడు · శనివారం, సాయంత్రం 6:48

బాబోయ్. గోడ సంగతి నాకు అసలు తట్టలేదు. నాన్‌స్టిక్ పెనం అంచులు వాలుగా ఉంటాయి కాబట్టి ఇన్నాళ్లూ తెలియలేదు.

జెర్సీ_బాబాయ్ · శనివారం, రాత్రి 9:10

కొత్తవాటి గురించే మాట్లాడుతున్నారు. నేను పాతవాటి మనిషిని. ఈ దేశంలో గ్రిస్‌వోల్డ్ అని పెన్సిల్వేనియాలోని ఈరీ ఊళ్లో, వాగ్నర్ అని ఒహాయోలోని సిడ్నీలో పెద్ద కంపెనీలు ఉండేవి. ఈరీ ఫౌండ్రీ 1957లో మూతపడింది. అప్పట్లో పెనాలు పలచగా పోసి, లోపల సానపట్టి అమ్మేవారు. ఇప్పుడు రెండొందలకి అమ్ముతున్న నునుపు, తేలిక ఆ పాతకాలపు పద్ధతికి తిరిగి రావడమే. లాడ్జ్ ఒక్కటే 1896 నుంచి టెనెసీలో సౌత్ పిట్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో అప్పటి నుంచీ పోస్తూ నిలబడింది. 2002లో ముందే సీజనింగ్ చేసి అమ్మడం మొదలుపెట్టి నిలదొక్కుకుంది.

నేను గరాజ్ సేల్‌లో గ్రిస్‌వోల్డ్ వాళ్ల నంబర్ 8 సైజు స్కిల్లెట్ ముప్పై డాలర్లకి కొన్నాను. పైనంతా అంగుళం మసి, తుప్పు. ఇంటికి తెచ్చాక మీ పిన్ని దాన్ని చూసి స్మశానం నుంచి తెచ్చావా అని అడిగింది. రెండు వారాంతాలు పట్టింది బాగుచేయడానికి. లోపల చూస్తే పట్టుబట్టలా ఉంది.

రెండు జాగ్రత్తలు. పాతది కొంటే చదునైన బల్ల మీద పెట్టి ఒక మూల నొక్కి చూడండి. గిరగిరా తిరిగితే అడుగు ఉబ్బిందని లెక్క, గాజు పొయ్యికి పనికిరాదు. రెండోది, ఇక్కడ కొంతమంది పాత పెనాల్లో తూటాలకీ చేపల గాలాల గుండ్లకీ సీసం కరిగించేవారు. అందుకే ఊరూ పేరూ తెలియనిది కొంటే సీసం పరీక్ష చేసే పుల్లలు దుకాణంలో దొరుకుతాయి, ఒకటి రుద్ది చూసుకోండి. నేను ఆ పని చేయకుండా ఒక్కటీ పొయ్యెక్కించను.

వైజాగ్_వంటిల్లు · ఆదివారం, ఉదయం 9:30

ఇనుములో వండితే రక్తం పడుతుంది కదా, ఆ లాభం కూడా లెక్కలో వేయాలి. చింతపండు పులుసు కూడా అందులోనే చేసుకోవచ్చా?

ఖమ్మం_కోడలు · ఆదివారం, ఉదయం 9:52

ఇనుము కొంత దిగడం నిజమే, పులుపు తగిలితే ఇంకా ఎక్కువ దిగుతుంది. కానీ పులుసు అందులో చేయకండి. నల్లబడుతుంది, నాలుకకి మేకు నాకినట్టు ఉంటుంది, మీరు కష్టపడి కట్టిన పొర కూడా కరిగిపోతుంది. టమాటా ముక్కలు వేపుడులో నాలుగు పడితే పర్లేదు, గంటసేపు మరిగేవి మాత్రం వద్దు. తలసీమియా లాంటివి ఉండి ఒంట్లో ఇనుము పేరుకునేవాళ్లు డాక్టర్ని అడక్కుండా రోజూ ఇందులో వండుకోకూడదు.

పులుసుకే కావాలంటే ఎనామిల్ పూత ఉన్నవి వేరే ఉంటాయి. ఫ్రాన్స్‌లో 1925 నుంచి చేస్తున్న లె క్రూసే లాంటివి. పోత ఇనుము మీద గాజు పూత. పులుపుకి చెక్కుచెదరదు. కాకపోతే ఖాళీగా కాల్చి, పోపు ఘాటుగా వేసి, ఆ వేడి మీదే చన్నీళ్లు పోశారా... పూత పగిలిందే. మన వంట తీరు అదే కాబట్టి ఆ ధరకి మనకి గిట్టదు అంటాను నేను. రాతిచిప్పలో పులుసు వండే ఇంటికి దానితో ఏం పని?

హైదరాబాద్_హాస్టల్ · ఆదివారం, ఉదయం 11:15

ఇండియాలో ధరలు కూడా ఎవరైనా చెప్పండి. నాకైతే చేదు అనుభవమే. ఆన్‌లైన్‌లో ఒక బ్రాండ్ పన్నెండు అంగుళాల పెనం పదిహేను వందలు పెట్టి తెప్పించుకున్నాను. ఒకరోజు కాలుతున్న పెనాన్ని పొరపాటున తడి సింకులో పెట్టేశాను. టప్పుమని శబ్దం. మధ్యలోకి వెంట్రుకంత చీలిక. జీవితకాలం గ్యారంటీ అని డబ్బా మీద ఉంది, ఫోన్ చేస్తే "అది వాడినవాళ్ల తప్పు, గ్యారంటీలోకి రాదు" అన్నారు.

ఫౌండ్రీ_మనిషి · ఆదివారం, మధ్యాహ్నం 12:40

హాస్టల్ బ్రో, బాధగా ఉన్నా వాళ్లన్నది నిజమే. పోత ఇనుము వంగదు, పగులుతుంది. ఒక పక్క చల్లబడి కుదించుకుంటుంటే ఇంకో పక్క ఇంకా వేడిగా ఉబ్బి ఉంటుంది, ఆ లాగుడికి చీలుతుంది. రెండువేల రూపాయలదైనా రెండొందల డాలర్లదైనా ఇందులో తేడా ఉండదు. కింద పడినా అంతే.

డాలస్ గారికి కూడా ఇదే చెప్పాలనుకున్నాను. గాజు పొయ్యి మీద ఒక్కసారిగా పెద్ద మంట పెట్టకండి. పోత ఇనుములో వేడి పాకడం నెమ్మది, అల్యూమినియంతో పోలిస్తే నాలుగో వంతు వేగం. అందుకే కింద కాయిల్ ఉన్న మేర ఎర్రగా కాలి, అంచున పిండి పచ్చిగా ఉంటుంది. నడిమంట కంటే తక్కువలో ఏడెనిమిది నిమిషాలు వదిలేయండి. నీళ్లు చిలకరిస్తే చుయ్యిమని ఎగిరిపోవాలి. అప్పుడు గుడ్డతో తుడిచి పిండి వేయండి. జరపకండి, ఎత్తి పెట్టండి, లేకపోతే గాజు గీతలు పడుతుంది.

ఇక ఊళ్లో ధర సంగతి. ఇక్కడ మా బజార్లో పేరులేని పెనం ఆరేడొందలకి వస్తుంది. బ్రాండ్‌వి దానికి రెండు మూడు రెట్లు. అడుగు చదునుగా ఉండటం, ముందే పదును పెట్టి ఉండటం, ఈ రెండింటికే ఆ ఎక్కువ. ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్లకి చదును అడుగు కావాలి కాబట్టి బ్రాండ్ కొంటే తప్పులేదు. గ్యాస్ ఉన్నవాళ్లకి బజారుదే చాలు.

అర్ధరాత్రి_ఆకలి · ఆదివారం, మధ్యాహ్నం 12:44

మొత్తానికి ఈ దారం చదివితే నాకు పెనం కంటే ఆకలి ఎక్కువైంది.

డాలస్_అట్లోడు · మూడు వారాల తర్వాత, శనివారం, ఉదయం 10:20

రిపోర్టు ఇద్దామని వచ్చాను. గ్రిడిల్ కొన్నాను, 10.5 అంగుళాలది. మొదటి ఆదివారం నాలుగు అట్లు వరుసగా పోయాయి. ఒకటి పెనానికే అతుక్కుపోయి అట్లకాడతో గీకితే పొడి అయ్యింది. మా అమ్మాయి దానికి "దోసె ఉప్మా" అని పేరు పెట్టి తినేసింది. తప్పు ఎక్కడుందో ఖమ్మం గారు ముందే చెప్పారు, నేనే వినలేదు: నూనె ఎక్కువ, వేడి ఎక్కువ. పిండి గరిటెకే చుట్టుకుని వచ్చేస్తోంది. మంట తగ్గించి, నీళ్లు చిలకరించి, ఉల్లిపాయతో రుద్దాక ఐదోది దానంతట అది అంచు లేపింది. ఆ చప్పుడు, సర్‌మని అంచు విడివడే చప్పుడు, నాన్‌స్టిక్ మీద ఎప్పుడూ వినలేదు.

ఇప్పుడు రోజూ ఎనిమిది, పది అట్లు పోస్తున్నా. ఒక్కటే చిక్కు, పెనం బరువుకి మా ఆవిడ ఎడమ చేత్తో ఎత్తలేకపోతోంది. తోమడం నా డ్యూటీ అయింది.

అయితే ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ రెండొందల డాలర్లది ఇంకా కార్ట్‌లోనే ఉంది. తీసెయ్యబుద్ధి కావట్లేదు.

జెర్సీ_బాబాయ్ · శనివారం, ఉదయం 10:58

కొనెయ్యవయ్యా, కాకపోతే అట్లకని కొనకు. దిబ్బరొట్టెకని కొను. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల బియ్యపు రవ్వ కలుపు. ఆ గోడ ఉన్నదాంట్లో నూనె ధారాళంగా పోసి, పిండి అంగుళన్నర మందాన వేసి, మూతపెట్టి సన్న సెగ మీద అరగంట వదిలేస్తే అడుగున ఇటుక రంగు పెంకు కడుతుంది. రొట్టెకి గోడ కావాలి, మందం కావాలి. స్కిల్లెట్‌కి రెండూ ఉన్నాయి. నా గ్రిస్‌వోల్డ్‌లో ప్రతి ఆదివారం అదే పని.

నిజం_చెప్తా · శనివారం, ఉదయం 11:06

బాబాయ్, నాలుగేళ్లుగా నా స్కిల్లెట్ ఎప్పుడో చేప వేపుడుకి తప్ప అల్మరాలో మూలనే ఉంటోంది. ఈ మాట అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది కదా. ఇప్పుడే మినప్పప్పు నానేశాను.

ఖమ్మం_కోడలు · శనివారం, ఉదయం 11:15

దిబ్బరొట్టెకి పాతిక డాలర్ల లాడ్జ్ కూడా సరిపోతుందని డాలస్ గారి ఆవిడకి ఎవరైనా చెప్పండి.

డాలస్_అట్లోడు · శనివారం, ఉదయం 11:21

ఆమె ఈ దారం చదువుతూనే ఉంది. చదివి, నా ఫోన్ తీసుకుని కార్ట్ ఖాళీ చేసింది. లాడ్జ్ ఆర్డర్ పెట్టింది. మంగళవారం వస్తుందట. బాబాయ్, మూత మీద నిప్పులు పోయాలా, వద్దా?